బుర్జ్ ఖలీఫా ఓపెన్ డెక్ మీదికి పోవడం ఎట్లా: తిరుపతి, చిత్తూరు నుంచి బయల్దేరేవాళ్ళకి స్టెప్ బై స్టెప్

పిల్లలు దుబాయ్‌లో ఉండే ఇళ్ళు మన తిరుపతిలో, చిత్తూరులో చాలానే ఉన్నాయి. వాళ్ళని చూడ్డానికి పొయ్యే అమ్మానాన్నలు ఫ్లైట్ టికెట్ చేతికొచ్చిన మరుసటి రోజు నుంచే అడిగేది అక్కడి ఆకాశమంత బిల్డింగ్ బుర్జ్ ఖలీఫా గురించే. ఏ టికెట్ కొనాలి, ఎన్ని గంటలకి పోవాలి, మోకాళ్ళ నొప్పి ఉంది ఎక్కగలనా, కళ్ళు తిరుగుతాయా, ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకేచోట రాసి పెడితే మేలనిపించింది.

అందరూ ఎత్తు గురించి భయపడతారు గానీ అక్కడ పని చెడగొట్టేది ఎత్తు కాదు, టైమ్. తప్పు నెలలో పొయ్యి, తప్పు స్లాట్ కొని, మాల్‌లో దారి తెలీక పరిగెత్తుకుంటా పైకి చేరినవాళ్ళే దిగొచ్చినాక "ఏముందబ్బా ఆడ, అంతా మసక మసక" అంటారు. అందుకే టైమ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిగ్గా చదవండి.

1. ఎత్తు లెక్క ముందు తేల్చుకోండి

బిల్డింగ్ మొత్తం ఎత్తు 828 మీటర్లు, కానీ మీరు నిలబడేది ఆ కొనమీద కాదు. మామూలు టికెట్‌తో పొయ్యే 124వ అంతస్తు డెక్ (ఊరంతా చూడ్డానికి నిలబడే చోటు) 452 మీటర్ల దగ్గర ఉంటుంది, ఖరీదు టికెట్‌తో పొయ్యే 148వ అంతస్తు 555 మీటర్ల దగ్గర.

ఇప్పుడు మన లెక్క చూడండి. తిరుపతి టౌన్ సముద్రమట్టానికి 160 మీటర్ల చిల్లర, తిరుమల 850 మీటర్ల పైన. అంటే అలిపిరి నుంచి కొండకి బస్సులో పొయ్యే ప్రతి మనిషీ ఆ డెక్ కంటే ఎక్కువ ఎత్తే ఎక్కుతున్నాడు. అలిపిరి మెట్ల దారిలో 3,550 మెట్లెక్కిన మోకాళ్ళకి ఇక్కడ అసలు పనే లేదు, అంతా లిఫ్టే.

తేడా ఒక్కటే, ఘాట్ రోడ్‌లో నింపాదిగా ఎక్కేది ఇక్కడ సెకనుకి 10 మీటర్ల వేగంతో పొయ్యే లిఫ్టులో సుమారు ఒక్క నిమిషంలో అయిపోతుంది. కాబట్టి చెవులు దిబ్బడ వేస్తాయి. లిఫ్ట్ ఎక్కేముందే నోట్లో ఒక బిళ్ళ వేసుకోని చప్పరిస్తా, గుటకలు మింగతా ఉంటే సరిపోతుంది. చంటిపిల్లలుంటే ఆ నిమిషం పాలసీసా నోట్లో పెట్టండి. జలుబు బాగా చేసి ముక్కు బిగుసుకుపోయిన రోజైతే ఇంకో రోజుకి మార్చుకోవడమే మంచిది, ఆ చెవి నొప్పితో పైన ఏదీ చూడబుద్ధి కాదు.

2. ఏ టికెట్ కొనాలి

రెండు రకాలు ముఖ్యం. 124, 125 అంతస్తులు కలిపి ఒకటి. 148వ అంతస్తుతో మొదలయ్యేది ఇంకొకటి, దీంట్లో కింద 124, 125 కూడా చూడొచ్చు, ధర మాత్రం చాలా ఎక్కువ. అక్కడ మర్యాదలు ఉంటాయి, జనం తక్కువ.

నన్నడిగితే కుటుంబంతో పొయ్యేవాళ్ళకి 124, 125 చాలు. ఓపెన్ డెక్ 124లో ఉంది, పైన ఆకాశం కనిపిస్తుంది, చుట్టూ మనిషి ఎత్తు దాటిన అద్దాలు, అద్దానికి అద్దానికి మధ్య సన్న సందులు, ఆ సందుల్లోంచి గాలి తగుల్తుంది. 125 ఎక్కువగా లోపలి హాలే. ఇంకో వంద మీటర్లు పైకి పోతే ఊరు ఇంకా చిన్నగా కనిపిస్తుంది తప్ప కొత్తగా కనిపించేది తక్కువ. గుంపులో నిలబడలేని పెద్దవాళ్ళుంటే మాత్రం 148 గురించి ఆలోచించండి, అక్కడ మీరు డబ్బు పెట్టేది ఎత్తుకి కాదు, ఖాళీకి.

3. నెల, రోజు, గంట

నెల: నవంబర్ నుంచి మార్చి వరకు బాగుంటుంది. జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మన రేణిగుంట మే నెల ఎండ తట్టుకున్నోళ్ళం కదా అనుకోవద్దు, ఆ ఎండకి సముద్రపు ఉక్క, ఇసుక దుమ్ము తోడై దూరం అసలు కనపడదు. లెక్కప్రకారం 452 మీటర్ల ఎత్తు నుంచి దిక్చక్రం దాదాపు 76 కిలోమీటర్ల దూరంలో ఉండాలి, దుమ్ము పట్టిన రోజు పక్కనుండే రోడ్డు దాటి ఏమీ కనిపించదు. చలికాలంలో కొన్ని పొద్దులు మంచు కమ్ముతుంది, అప్పుడప్పుడు ఆ మంచు డెక్ కంటే కిందే ఆగి మిగతా బిల్డింగుల కొనలు మాత్రమే పైకి కనిపిస్తాయి. అదృష్టముంటే దొరికే దృశ్యం అది, దానికోసమని ప్లాన్ చేసుకోవడం కుదరదు.

రోజు: అక్కడ వారాంతం శని, ఆదివారాలు, 2022 నుంచి అట్లా మారింది, శుక్రవారం సగం రోజే పని. అందుకే సోమవారం నుంచి గురువారం లోపల పెట్టుకోండి. వాన పడి వెలిసిన మరుసటి రోజు దొరికితే వదలొద్దు, గాలిలో దుమ్ము కడుక్కుపోయి దూరం దాకా స్పష్టంగా ఉంటుంది. డిసెంబర్ 31న ఆ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, ఆ రోజు జోలికి పోవద్దు. రంజాన్ నెలలో టైమింగ్స్ మారొచ్చు, వెబ్‌సైట్‌లో చూసుకోండి.

గంట: ఇదే అసలు విషయం. మూడు దారులున్నాయి.

పొద్దున స్లాట్: రేటు తక్కువ, జనం తక్కువ. సూర్యుడు ఎడారి వైపు నుంచి వస్తాడు కాబట్టి సముద్రం వైపు వెలుతురు పడి ఆ వైపు ఫొటోలు బాగా వస్తాయి.

సూర్యాస్తమయం స్లాట్: అందరికీ కావాల్సింది ఇదే, రేటు కూడా ఈ గంటలకే ఎక్కువ. పగలు, సాయంకాలం, రాత్రి లైట్లు మూడూ ఒకే టికెట్‌లో దొరుకుతాయి. డిసెంబర్‌లో అక్కడ సూర్యుడు 5:30 ప్రాంతంలో, జూన్‌లో 7:10 ప్రాంతంలో మునుగుతాడు. స్లాట్ దానికి గంటా పావు నుంచి గంటన్నర ముందుండాలి, ఎందుకంటే టికెట్ మీద టైమ్ అంటే క్యూలో అడుగుపెట్టే టైమ్, డెక్ మీద ఉండే టైమ్ కాదు. మన 300 రూపాయల దర్శనం టికెట్ లాంటిదే, దాంట్లో ఉండేది రిపోర్టింగ్ టైమే కదా, దర్శనం అయ్యేది ఎప్పుడో తర్వాత.

రాత్రి స్లాట్: లైట్లు బాగుంటాయి, కింద ఫౌంటెన్ షో పైనుంచి కనిపిస్తుంది, కానీ సముద్రం, ఎడారి రెండూ నల్లగా ఉంటాయి. మొదటిసారి పొయ్యేవాళ్ళకి నేను చెప్పను.

డబ్బు కలిసి రావాలంటే ఒక చిన్న కిటుకుంది. ఖరీదు గంటలు మొదలయ్యే ముందు ఉండే చివరి మామూలు స్లాట్ కొనుక్కోని, పైన నింపాదిగా తిరిగి సూర్యాస్తమయం దాకా ఉండటం. కాళ్ళలో ఓపిక ఉన్నోళ్ళకే ఇది, పెద్దవాళ్ళని రెండు గంటలు నిలబెట్టి మిగిల్చే డబ్బు ఎందుకు చెప్పండి.

ఇంకో ముచ్చట, పైన సూర్యుడు కిందకంటే రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా మునుగుతాడు. 2011లో అక్కడి మతపెద్దలు ఆ బిల్డింగ్‌లో 80వ అంతస్తు పైన ఉండేవాళ్ళు రంజాన్ ఉపవాసం 2 నిమిషాలు, 150 పైన ఉండేవాళ్ళు 3 నిమిషాలు ఆలస్యంగా విడవాలని చెప్పింది ఇందుకే. కాబట్టి యాప్‌లో చూపించే టైమ్ అయిపోయిందని కెమెరా మూసేయొద్దు.

4. బుకింగ్

అఫీషియల్ వెబ్‌సైట్‌లోనే కొనండి. మరీ నెల ముందు కొంటే వాతావరణం తెలీదు, అదే రోజు కౌంటర్‌లో కొనాలంటే సాయంత్రం స్లాట్లు మిగలవు. రెండు మూడు రోజుల ముందు, వెదర్ యాప్ చూసుకోని కొనడం నాకు సరిగ్గా కనిపిస్తుంది. డిసెంబర్ సెలవులైతే వారం ముందే.

కొనేముందు చూసుకోవాల్సినవి:
- ఇండియా కార్డుతో కడుతుంటే బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్ ఆన్ చేసి ఉందా
- ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేస్తుందా, లేకుంటే దుబాయ్‌లో ఉండే పిల్లల కార్డుతోనే కొనించండి
- పిల్లల రేటు వయసును బట్టి ఉంటుంది, పాస్‌పోర్ట్ కాపీ ఫోన్లో పెట్టుకోండి
- స్లాట్ దుబాయ్ టైమే, మనకంటే గంటన్నర వెనక. నాయన చేతి గడియారం ఇంకా తిరుపతి టైమే చూపిస్తుంటే ముందు దాన్ని మార్చండి
- కొన్నాక డేట్ మారదు, డబ్బు వెనక్కి రాదు అనుకోనే కొనండి

దిగిన రోజే ఈ ప్రోగ్రాం పెట్టొద్దు. రాత్రి తిరుపతిలో కారెక్కి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై ఎయిర్‌పోర్ట్, అక్కడ మూడు గంటలు, ఫ్లైట్‌లో నాలుగు గంటలు, నిద్ర లేదు, ఆ ఒంటితో సాయంత్రం డెక్ మీద నిలబడితే కళ్ళు తిరగక ఏమవుతాయి. ఎత్తు వల్ల అనుకుంటారు, నిజానికి నిద్ర లేక. చిత్తూరోళ్ళు బెంగళూరు నుంచి పొయ్యినా ఇదే కథ. రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి.

5. బ్యాగులో ఏముండాలి, ఏముండకూడదు

ఎత్తుకోని పోవాల్సినవి:
- ఫోన్, ఫుల్ ఛార్జ్, చిన్న పవర్ బ్యాంక్
- టికెట్ క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్, కింద నెట్ ఆడకపోవచ్చు
- పల్చటి శాలువా లేదా స్వెట్టర్, చలికాలం సాయంత్రం పైన గాలి గట్టిగా ఉంటుంది, మాల్ ఏసీకి కూడా పనికొస్తుంది
- అద్దం తుడవడానికి మెత్తటి గుడ్డ
- బిళ్ళలు, పెద్దవాళ్ళ మందులు

ఇంట్లోనే వదిలేయాల్సినవి:
- పులిహోర డబ్బా, చపాతీలు (బయటి తిండి లోపలికి రానివ్వరు, ముందే తినేసి పోండి)
- ట్రైపాడ్, డ్రోన్ సంగతి అసలు ఎత్తొద్దు
- సూట్‌కేసులు, పెద్ద సంచులు
- గాలికి ఎగిరే టోపీ

బట్టల గురించి ఆడవాళ్ళు తప్పకుండా అడుగుతారు. చీర కట్టుకోవచ్చు, కానీ పల్లూ పిన్ను పెట్టుకోండి, చున్నీ అయితే వెనక ముడేసుకోండి. మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్ గాలిబండ మీద నిలబడినోళ్ళకి ఆ గాలి ఎట్లా ఉంటుందో తెలుసు. ముదురు రంగు వేసుకుంటే ఇంకో లాభం, అద్దంలో మీ నీడ పడదు, ఫొటోలు శుభ్రంగా వస్తాయి. తెల్ల చొక్కా ఆ విషయంలో పెద్ద శత్రువు.

6. చేరుకోవడం

ఎంట్రన్స్ బిల్డింగ్ ముందు ఉండదు, దుబాయ్ మాల్ లోపల లోయర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటుంది. టాక్సీ అతనికి బుర్జ్ ఖలీఫా అని చెప్తే వేరే గేటు దగ్గర దించేస్తాడు, దుబాయ్ మాల్ అని చెప్పండి.

మెట్రోలో అయితే రెడ్ లైన్, స్టేషన్ పేరు బుర్జ్ ఖలీఫా / దుబాయ్ మాల్. దిగినాక మాల్ దాకా ఏసీ వంతెన ఉంది, చాలా పొడుగు, మధ్యమధ్యలో కదిలే పట్టీలుంటాయి. మెట్రోలో నోల్ కార్డు (అక్కడి ప్రయాణాల కార్డు) వాడాలి, లోపల తిన్నా తాగినా ఫైన్ వేస్తారు, ఆ బిళ్ళలు ఇక్కడ చప్పరించొద్దు. స్టేషన్ నుంచి టికెట్ గేటు దాకా పెద్దవాళ్ళతో 40 నిమిషాలు పెట్టుకోండి. మాల్‌లో గూగుల్ మ్యాప్స్ సరిగ్గా ఆడదు, ఎట్ ది టాప్ (ఆ డెక్ పేరే అది) అని రాసిన బోర్డులు పట్టుకోని పోవాలి, అనుమానమొస్తే సెక్యూరిటీ వాళ్ళని అడిగేయడమే.

క్యూలోకి పొయ్యేముందు అందరూ ఒకసారి బాత్రూమ్‌కి పొయ్యి రావాలి. చిన్న మాట అనిపిస్తుంది, కానీ ప్రోగ్రాం సగంలో చెడేది దీనివల్లే.

7. లోపలికి పొయ్యినాక వరస

టికెట్ స్కాన్, తర్వాత ఎయిర్‌పోర్ట్‌లో లాగా బ్యాగులు మెషిన్లో పెట్టాలి. దాని తర్వాత ఫొటో కౌంటర్ వస్తుంది, పచ్చ గుడ్డ ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు. అది ఊరికే కాదు, దిగొచ్చినాక అమ్ముతారు. వద్దనుకుంటే నో థాంక్స్ అని నడిచిపోవచ్చు, ఎవరూ బలవంతపెట్టరు, మొహమాటపడి ఆగొద్దు.

తర్వాత పొడుగు కారిడార్, గోడల మీద బిల్డింగ్ కట్టిన కథ, ఆపైన లిఫ్ట్. ఈ కారిడార్‌లో చదువుకుంటా ఆగితే సూర్యుడు మీకోసం ఆగడు.

8. పైన మొదటి పది నిమిషాలు

లిఫ్ట్ తలుపు తెరవగానే అందరూ ఎదురుగా కనిపించే అద్దం దగ్గరికే పరిగెత్తి గుంపు కడతారు. మీరు పోవద్దు. డెక్ చుట్టూ తిరిగి ఖాళీగా ఉండే వైపు పొండి, గుంపు పల్చబడినాక ఇక్కడికి రావచ్చు.

మొదట దూరం చూడండి, సముద్రం గీతో, ఎడారో. కన్ను అలవాటు పడినాక మెల్లగా దగ్గరికి రండి, చివర్లో కిందికి చూడండి. ఎక్కగానే అద్దానికి ఆనుకోని కాళ్ళ కిందికి చూసినవాళ్ళకే తల తిరుగుతుంది.

ఏ వైపు ఏముంటుందో తెలుసుకోని పోతే చూపు వెతుక్కోదు. వాయవ్యం వైపు సముద్రం, తీరం దాటి నీళ్ళలో ఇసుకతో పోసిన ద్వీపాల చుక్కలు. నైరుతి వైపు షేక్ జాయెద్ రోడ్డు పొడుగునా పొయ్యే మెట్రో లైను, తీరంలో తెరచాప ఆకారపు బుర్జ్ అల్ అరబ్, గాలి శుభ్రంగా ఉంటే పామ్ జుమేరా. ఈశాన్యం వైపు పాత ఊరు, దేరా, క్రీక్, మనోళ్ళు ఎక్కువగా ఉండేది ఆ వైపే. ఆగ్నేయం అంతా ఎడారి. నేరుగా కింద ఫౌంటెన్ చెరువు. దుబాయ్‌లో పనిచేసే కొడుకో కూతురో తోడుంటే ఆఫీసు ఏ వైపు, రూమ్ ఏ వైపు అని అడగండి, అమ్మానాన్నలు ఎక్కువసేపు చూసేది అదే.

9. ఫొటోలు

సందుల దగ్గర ఫోన్ పెట్టొచ్చు, కానీ చేతికి తాడు లేకుండా సందులోంచి బయటికి చాపొద్దు. కింద మనుషులున్నారు.

అద్దంలోంచి తీసేటప్పుడు లెన్స్‌ని అద్దానికి పూర్తిగా ఆనించండి, చుట్టూ చేయి అడ్డం పెట్టండి, ఫ్లాష్ ఆపేయండి. ఫొటో అంతా తెల్లగా మెరిస్తే కారణం ఫ్లాషే. రాత్రి ఫొటో వణికిపోతే మోచేతులు గోడకి ఆనించి మూడు సెకన్ల టైమర్ పెట్టండి. మనుషుల మొహాలు సూర్యుడికి ఎదురు తిప్పి, మునిగినాక పది ఇరవై నిమిషాల్లో తీస్తే వెనక ఆకాశం, ముందు మొహం రెండూ కనిపిస్తాయి.

10. పెద్దవాళ్ళు, పిల్లలు, భయపడేవాళ్ళు

వీల్‌చెయిర్ పోతుంది, మొహమాటం లేకుండా తీసుకోండి, మాల్ నడకే సగం అలసట తెస్తుంది. గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్, నెలలు నిండిన గర్భం ఉంటే పొయ్యేముందు మీ డాక్టర్‌ని అడిగి పొండి.

భయపడే మనిషిని అద్దం దగ్గరికి లాగొద్దు, ఎగతాళి అసలు చేయొద్దు. లోపలి గోడకి వీపు ఆనించి ఐదు నిమిషాలు నిలబడనివ్వండి, ఒక చెయ్యి పట్టుకోండి, వాళ్ళంతట వాళ్ళే రెండడుగులు ముందుకేస్తారు. వెయ్యకపోయినా ఫరవాలేదు, 125 లోపలి హాల్లో కూర్చోబెడితే అక్కడినుంచీ ఊరు కనిపిస్తుంది. పిల్లలకైతే కలిసే చోటు ఒకటి ముందే చూపించి పెట్టండి, చుట్టూ తిరిగి చూసే డెక్ మీద అవ్వ ఒక వైపు, మనవడు ఇంకో వైపు తిరుగుతా ఉంటే గంట అట్లే పోతుంది.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుకోవడం

స్లాట్ తప్పిపోయింది: వెంటనే గేటు దగ్గర స్టాఫ్‌కి చెప్పండి, కొంచెం ఆలస్యమైతే వాళ్ళ దయ. కొత్త టికెట్ కొనేముందు అడగడంలో పోయేదేమీ లేదు.

పైకి పొయ్యినాక మసక: దూరం వదిలేసి నేరుగా కింద ఉండే చెరువు, రోడ్ల మలుపులు చూడండి, చీకటి పడేదాకా ఆగండి, దుమ్ములో కూడా దగ్గరి లైట్లు కనిపిస్తాయి. ఇది ముందే కనిపెట్టొచ్చు, మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి తల పైకెత్తితే బిల్డింగ్ కొన మసకగా ఉందంటే పైనుంచీ అంతే. టికెట్ కొననివాళ్ళైతే ఆ రోజుకి వెనక్కి తిరగండి.

గాలివాన, ఉరుములు: ఓపెన్ భాగం మూసేయొచ్చు, లోపలినుంచే చూడాలి. ఫోర్‌కాస్ట్‌లో ఉరుములు కనిపిస్తే ఆ రోజు కొనొద్దు.

దిగేటప్పుడు పెద్ద క్యూ: సూర్యుడు మునగ్గానే అందరూ లిఫ్ట్ మీద పడతారు. పావుగంట ముందు దిగండి, లేదా లైట్లన్నీ వెలిగేదాకా ఉండి దిగండి. దిగే దారి గిఫ్ట్ షాపులోంచే, పిల్లలకి ముందే చెప్పి పెట్టండి. బయటికొస్తే ఫౌంటెన్ షో సాయంత్రాల్లో అరగంటకోసారి, దానికి టికెట్ లేదు.

12. దుబాయ్ కాకుండా అమెరికా పొయ్యే అమ్మానాన్నలకి

పద్ధతి ఇదే, చలి మాత్రం వేరు. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 86వ అంతస్తు ఓపెన్ డెక్, 320 మీటర్లు. ఇంకా పైనుండే 102వ అంతస్తు అద్దాల గది, గాలి తగలాలంటే దానికి డబ్బు కట్టి లాభం లేదు. రాక్‌ఫెల్లర్ సెంటర్ మీద టాప్ ఆఫ్ ది రాక్ 70వ అంతస్తు, 260 మీటర్ల దగ్గర, ఎత్తు తక్కువే గానీ అక్కడినుంచి ఎంపైర్ స్టేట్ బిల్డింగే ఫొటోలో పడుతుంది, రెండిట్లో ఒకటే చూడాలంటే నేను దీనికే పోతాను.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడి డెక్ మీద గాలి ఎముకల్లోకి దిగుతుంది. తిరుపతిలో కొన్న మంకీ క్యాప్, స్వెట్టర్ చాలవు, జాకెట్, గ్లవ్స్ అక్కడ పిల్లల దగ్గరే తీసుకోండి. చలికి ఫోన్ బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది, ఫొటో తీసిన వెంటనే లోపలి జేబులో పెట్టేయండి.